జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, చరిత్ర, జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లోని హైస్కూలుకు యాభయ్యేళ్లో, డెబ్బయ్యయిదేళ్లో, నూరేళ్లో నిండుతున్నాయని తెలియగానే పూర్వ విద్యార్థులు ముందుగా తలపెట్టేది ఒక ప్రత్యేక సంచిక. అందులో సందేశాలకూ ఫొటోలకూ కొదవ ఉండదు గానీ, బడి ఎప్పుడు మొదలైంది, ఎవరి డబ్బుతో నిలిచింది, ఎవరెవరు చదువుకున్నారు అనే మూడు ప్రశ్నలకు నికరమైన జవాబు దొరకడం అరుదు. తెలుగు రాష్ట్రాల్లోని చిన్న పట్టణాలలో, పెద్ద గ్రామాలలో ఉన్న ఉన్నత పాఠశాలల చరిత్ర రాయడానికి పూనుకున్నవారు సాధారణంగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, కాగితాల ఆధారంగా ఎలా ముందుకు సాగాలో చెప్పే ప్రయత్నం జరిగింది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకూ ప్రభుత్వ ఉన్నత పాఠశాలకూ తేడా ఏమిటి?

తల్లిదండ్రుల దృష్టిలో తేడా లేదు. పాఠ్యపుస్తకాలు ఒకటే, పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఒకటే, జీతాలు ఇచ్చేదీ రాష్ట్ర ఖజానాయే. తేడా యాజమాన్యంలో ఉంది. ప్రభుత్వ ఉన్నత పాఠశాల నేరుగా విద్యాశాఖది. జిల్లా పరిషత్ పాఠశాల స్థానిక సంస్థది. పురపాలక పాఠశాల మునిసిపాలిటీది. ఎయిడెడ్ పాఠశాల ట్రస్టుదో మిషన్‌దో అయి ప్రభుత్వ గ్రాంటుతో నడుస్తుంది. ఈ విభజన ఉపాధ్యాయుల జీవితంలో మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. జిల్లా పరిషత్ ఉపాధ్యాయుల భవిష్యనిధి ఖాతా జిల్లా పరిషత్ కార్యాలయంలోనే ఉంటుంది. పదోన్నతుల కోసం సాగిన ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. చరిత్ర రాసేవారికి ఈ తేడా మరో కారణంగా ముఖ్యం: బడి ఎవరి చేతిలో ఉందో వారి కార్యాలయంలోనే దాని పాత కాగితాలు ఉంటాయి.

పెద్దవాళ్లు ఇప్పటికీ ‘బోర్డు హైస్కూలు’ అంటారు. ఆ బోర్డు ఏది?

అది జిల్లా బోర్డు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ఉన్న రోజుల్లో 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం కింద జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. రోడ్లు, సత్రాలు, ఆసుపత్రులతోపాటు బడులు కూడా వాటి బాధ్యతే. 1920 చట్టంతో వాటికి ఎన్నికైన సభ్యుల బలం, పన్నుల అధికారం పెరిగాయి. బోర్డుల ఆదాయంలో పెద్ద వాటా భూమిశిస్తుతో కలిపి వసూలు చేసే ల్యాండ్ సెస్సుదే. అంటే చుట్టుపక్కల గ్రామాల రైతు కట్టిన అణాల మీదే పట్నంలోని హైస్కూలు నడిచిందన్నమాట. సంచికల్లో దాతల ఫొటోలు వస్తాయి గానీ ఈ సెస్సు ప్రస్తావన రాదు, రావాల్సింది ముందుగా అదే.

బోర్డులకు ముందు మాధ్యమిక విద్య ఎక్కువగా మిషనరీల చేతుల్లోనూ, జమీందార్ల పోషణలోనూ ఉండేది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాల మొదటి కోవకు చెందుతుంది. పర్లాకిమిడి రాజావారి పాఠశాల రెండో కోవది. 1854 నాటి వుడ్ నివేదిక గ్రాంటు పద్ధతిని ప్రవేశపెట్టాక ఇలాంటి సంస్థలు పెరిగాయి. అయితే అవి పెద్ద పట్టణాలను దాటి పెద్దగా రాలేదు. తాలూకా కేంద్రం స్థాయి ఊరికి హైస్కూలును తెచ్చినది ప్రధానంగా జిల్లా బోర్డే.

తెలంగాణలో అదే కాలంలో పరిస్థితి ఏమిటి?

నిజాం రాష్ట్రంలో బడులు సర్కారు విద్యాశాఖ కింద ఉండేవి. ప్రాథమిక స్థాయిని తహ్తానియా అని, మిడిల్ స్థాయిని వస్తానియా అని, హైస్కూలును ఫౌఖానియా అని పిలిచేవారు. పై తరగతుల్లో బోధన ఉర్దూలో సాగేది. తెలుగు ఒక పాఠ్యాంశంగా మాత్రమే మిగిలేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఉర్దూ మాధ్యమంలో నడవడంతో హైస్కూలు కూడా ఆ దారినే సాగింది. తెలుగులో చదువు కావాలన్న కోరిక బడి బయటి నుంచి, సంఘాల నుంచి వచ్చింది: మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో ఆంధ్ర బాలికల పాఠశాలను నెలకొల్పారు, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1948 తర్వాత మాధ్యమం క్రమంగా తెలుగుకు మారింది.

ఆచరణలో దీని ఫలితం ఏమిటంటే, తెలంగాణలోని పాత బడుల్లో 1948కి ముందరి ప్రవేశ రిజిస్టర్లు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫసలీలో, అంటే నాటి రెవెన్యూ లెక్కల సంవత్సరంలో ఉంటాయి. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరులో, ఆజూరు మాసంతో మొదలవుతుంది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. జనవరి నుంచి సెప్టెంబరు వరకు ఉన్న తేదీలకు 591 కలపాలి. ఫసలీ 1357 అని ఉంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు తొలి రోజుల వరకు అని అర్థం. ఈ లెక్క తెలియక ఒక ఏడాది అటూ ఇటూ అయిన స్థాపన సంవత్సరాలు శిలాఫలకాల మీదికి కూడా ఎక్కుతుంటాయి. ఉర్దూ చదవగల విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి ఊళ్లో ఒక్కరున్నా ముందు వారిని పట్టుకోవడం మంచిది.

బోర్డు హైస్కూలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలగా ఎప్పుడు మారింది?

బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో మూడంచెల స్థానిక పాలనను సిఫారసు చేసింది. ఆ మేరకు ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం 1959లో వచ్చింది, అదే ఏడాది నవంబరు 1న పంచాయతీరాజ్ ఆరంభమైంది. జిల్లా బోర్డులు పోయాయి. వాటి ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకూ, ప్రాథమిక పాఠశాలలు సమితులకూ వచ్చాయి. అందుకే ఆ తరం వారికి చిన్న బడి ‘సమితి స్కూలు’, పెద్ద బడి ‘పరిషత్ హైస్కూలు’. 1980ల మధ్యలో సమితుల స్థానంలో మండలాలు వచ్చాక చిన్న బడి మండల ప్రజా పరిషత్ పాఠశాల అయింది. పెద్ద బడి పేరు మారలేదు. ఊరు తరువాత మునిసిపాలిటీ అయినా బడి జిల్లా పరిషత్ పేరుతోనే కొనసాగడం చాలాచోట్ల కనిపిస్తుంది.

మా బడి స్థాపన సంవత్సరంగా ఏ సంవత్సరాన్ని తీసుకోవాలి?

అన్నిటికన్నా ఎక్కువ తగవులు తెచ్చే ప్రశ్న ఇదే. ఒకే బడికి కనీసం నాలుగు ‘పుట్టినరోజులు’ ఉండవచ్చు. అదే ఆవరణలో ప్రాథమిక పాఠశాల మొదలైన సంవత్సరం ఒకటి. అది మిడిల్ స్కూలుగానో ప్రాథమికోన్నత పాఠశాలగానో పెరిగిన సంవత్సరం రెండు. హైస్కూలు తరగతి మొదటిసారి తెరిచిన సంవత్సరం మూడు. పూర్తి హైస్కూలుగా శాశ్వత గుర్తింపు పొందిన సంవత్సరం నాలుగు. కొత్త హైస్కూలును ఒక్కసారిగా అన్ని తరగతులతో తెరిచేవారు కారు. తరగతులను ఫారాలు అనే రోజుల్లో మొదటి ఏడాది నాలుగో ఫారం, మరుసటి ఏడాది అయిదో ఫారం, ఆ పై ఏడాది ఆరో ఫారం పెట్టి, ఆ చివర తొలి జట్టును పబ్లిక్ పరీక్షకు పంపేవారు. కాబట్టి తొలి జట్టు పరీక్ష రాసిన సంవత్సరం తెలిస్తే హైస్కూలు తరగతి తెరిచిన సంవత్సరాన్ని చాలావరకు అంచనా వేయవచ్చు.

ఈనాటి యూడైస్ (బడుల వివరాలు ఏటా నమోదు చేసే ప్రభుత్వ సమాచార వ్యవస్థ) నివేదికలో కనిపించే స్థాపన సంవత్సరాన్ని తుది మాటగా తీసుకోకూడదు. ఆ నివేదిక నింపిన ఏడాది ప్రధానోపాధ్యాయునికి దొరికిన కాగితాన్ని బట్టి అందులో అంకె పడుతుంది, తరువాతి వారు దానినే కొనసాగిస్తారు. స్థాయి పెరిగిన ఏడాదిని స్థాపన సంవత్సరంగా చూపిన నివేదికలూ, అందుకు తలకిందులుగా ప్రాథమిక పాఠశాల సంవత్సరాన్నే హైస్కూలుదిగా చూపినవీ ఉంటాయి.

మా సలహా: సంచికలో ఒక్క సంవత్సరాన్ని ఎంచుకుని మిగతావాటిని దాచవద్దు. ‘ప్రాథమిక పాఠశాలగా ఫలానా ఏడు, హైస్కూలుగా ఫలానా ఏడు’ అని రెండూ రాయండి. ఉత్సవం ఏ ఏడాది జరపాలన్నది సంఘం నిర్ణయించుకుంటుంది. చరిత్ర మాత్రం ఆ నిర్ణయానికి లోబడనక్కర లేదు.

ఫారాలు, ఎస్సెస్సెల్సీ, హెచ్చెస్సీ, పీయూసీ: ఇవన్నీ ఇప్పటి ఏ తరగతులకు సరిపోతాయి?

మద్రాసు పద్ధతిలో అయిదో తరగతి తర్వాత మొదటి ఫారం మొదలయ్యేది. అంటే మొదటి ఫారం నేటి ఆరో తరగతి, ఆరో ఫారం పదకొండో తరగతి. ఆ చివర రాసేది ఎస్సెస్సెల్సీ, జనం మాటల్లో స్కూల్ ఫైనల్. అంతకుముందు మద్రాసు విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ ఉండేది. 1952–53 నాటి మొదలియార్ కమిషన్ సిఫారసుల తర్వాత కొన్ని బడులు మల్టీపర్పస్ హైస్కూళ్లుగా, పన్నెండో తరగతి వరకు హయ్యర్ సెకండరీతో (హెచ్చెస్సీ) నడిచాయి. పదకొండుతో ఆగినవారు కాలేజీలో ఒక ఏడాది పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు) చదివేవారు. 1964–66 నాటి కొఠారి కమిషన్ దేశమంతటికీ 10+2+3 నమూనాను సూచించగా, ఆంధ్రప్రదేశ్‌లో 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలై హైస్కూలు పదో తరగతితో ఆగింది. ఆ మార్పు సమయంలో పదకొండో తరగతి వారూ పదో తరగతి వారూ పక్కపక్క గదుల్లో చదివి వేర్వేరు పరీక్షలు రాసిన బడులున్నాయి. ‘మాది చివరి ఎస్సెస్సెల్సీ బ్యాచ్’ అని గర్వంగా చెప్పే పెద్దలు ఆ సంధికాలం వారే.

పాత సమాచారం ఎక్కడ వెతకాలి?

మొదట బడిలోనే, ప్రధానోపాధ్యాయుని గదిలోనే. గోడకు వేలాడే చెక్క పలక మీద పనిచేసిన ప్రధానోపాధ్యాయుల పేర్లు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ రంగుతో రాసి ఉంటాయి. ఆ పలకను ఫొటో తీసుకోండి. ఆ తేదీల మధ్య ఖాళీలే ఇన్‌ఛార్జి ఏలుబడులను, ఖాళీ పోస్టుల కాలాలను పట్టిస్తాయి. దాని పక్కనే ప్రతి ఏటా పదో తరగతిలో ప్రథముల పేర్ల పలక ఉంటుంది. మార్కుల స్థానంలో గ్రేడ్లు వచ్చిన 2012 తర్వాత చాలా పలకలు ఆగిపోయాయి, ఎందుకంటే ప్రథములు ఒక్కరు కాక పదిమంది అయ్యారు.

అసలు నిధి ప్రవేశ రిజిస్టరు. తోలు మూలలున్న పెద్ద పుస్తకం, అడ్డంగా రెండు పుటల మీద సాగే గడులు: ప్రవేశ సంఖ్య, విద్యార్థి పేరు, తండ్రి లేక సంరక్షకుని పేరు, వృత్తి, నివాసం, అంకెల్లోనూ అక్షరాల్లోనూ పుట్టిన తేదీ, కులం, మాతృభాష, చేరిన తరగతి, గుర్తింపు చిహ్నాలుగా రెండు పుట్టుమచ్చలు, టీకా వేశారా లేదా, బడి విడిచిన తేదీ, టీసీ నంబరు. ఒక్క పుట చదివితే ఊరి మ్యాపు కళ్లకు కడుతుంది. నివాసం గడిలో ఏ గ్రామాల పేర్లు ఎప్పుడు మొదలయ్యాయో చూస్తే రోడ్డు, బస్సు ఎప్పుడు వచ్చాయో తెలుస్తుంది. ఏ ఏడు ఒక గ్రామం పేరు హఠాత్తుగా మాయమైందో ఆ ఏడు అక్కడ వేరే హైస్కూలు పెట్టి ఉంటారు. వృత్తి గడిలో ‘వ్యవసాయం’ కింద ‘అదే, అదే’ అన్న గుర్తుల వరుస ఎక్కడ తెగి ‘కూలీ’, ‘నేత’, ‘చాకలి’ అని మొదలయ్యిందో అక్కడే బడి సామాజికంగా విస్తరించడం మొదలయిందని అర్థం. పుట్టిన తేదీల్లో జూన్, జూలై మరీ ఎక్కువగా ఉంటే ఆశ్చర్యపోవద్దు, బడిలో చేర్చిన నాడు పంతులుగారు వయసు సరిపోయేలా వేసిన తేదీలవి.

ఆ తర్వాత చూడాల్సినవి లాగ్‌బుక్కు, తనిఖీ నివేదికలు, స్టాకు రిజిస్టర్లు. స్టాకు రిజిస్టరు ఎవరూ తెరవని పుస్తకం గానీ, మొదటి సూక్ష్మదర్శిని, మొదటి భూగోళం, మొదటి రేడియో ఎప్పుడు వచ్చాయో అదే చెబుతుంది. ఇవి బడిలో లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం, జిల్లా పరిషత్ కార్యాలయం చూడాలి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే హైదరాబాదు తార్నాకలోని రాజ్యాభిలేఖాగారం, మద్రాసు కాలం నాటి విద్యాశాఖ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారం ఉన్నాయి. నాటి జిల్లా గెజిట్లలో బోర్డు తీర్మానాలు అచ్చయ్యేవి.

జిల్లాల సరిహద్దులు మారిన సంగతి మరవకూడదు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలులోనూ, కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరులోనూ, ఒంగోలు, చీరాల, అద్దంకి గుంటూరులోనూ ఉండేవి. గుంటూరు జిల్లాయే 1904లో ఏర్పడింది. విజయనగరం 1979లో వచ్చింది. 2016లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను మళ్లీ విభజించుకున్నాయి. కనిగిరి బడి గురించి 1940ల నాటి కాగితం కావాలంటే వెతకాల్సింది ఒంగోలులో కాదు, నెల్లూరు పేరిట ఉన్న దస్త్రాలలో.

బడి పేరులో దాత పేరు ఉంది. అది నిజంగా దానమేనా, ఎలా తేల్చుకోవాలి?

స్థలం, భవనం, నగదు: ఈ మూడింటిలో ఏది ఇచ్చినా పేరు పెట్టే ఆనవాయితీ ఉంది. ప్రభుత్వం హైస్కూలు మంజూరు చేసేటప్పుడు స్థలాన్నో కొంత సొమ్మునో ప్రజల వాటాగా కోరేది. ఆ వాటాను ఊరి పెద్ద ఒక్కరే ఇచ్చిన సందర్భాలూ, ధాన్యం కల్లాల దగ్గర బస్తాల లెక్కన వసూలు చేసి పదిమంది ఇస్తే ఒకరి పేరే ఫలకం మీదికి ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్వే నంబరు ఆధారంగా గిఫ్టు దస్తావేజు నకలు తీసుకుంటే నిజం తేలుతుంది. దస్తావేజే లేకపోతే అది చరిత్ర సమస్య మాత్రమే కాదు: స్థలం విలువ పెరిగిన పట్టణాల్లో దాత వారసులకూ బడికీ మధ్య దావాలు రేగేది ఇక్కడే. సంచిక కోసం వెతుకుతూ దొరికిన దస్తావేజు నకలును ప్రధానోపాధ్యాయునికీ, జిల్లా పరిషత్ ముఖ్య కార్యనిర్వహణాధికారికీ అందజేయడం సంచికకన్నా పెద్ద మేలు.

బడిలో ఒక రోజు ఎలా గడిచేది?

వేపచెట్టు కొమ్మకో వరండా దూలానికో వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొడితే మొదటి గంట. రెండో గంటకు ప్రార్థన వరుసలు, తరగతివారీగా పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. వందేమాతరం, ప్రతిజ్ఞ, వార్తలు, ఒక సూక్తి, డ్రిల్లు మాస్టారి హెచ్చరికలు, ఆలస్యంగా వచ్చినవారికి గేటు దగ్గర వేరే వరుస. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నాలుగు పీరియడ్లు, మధ్యలో ఇంటర్వెల్, సాయంత్రం దాకా మరో మూడో నాలుగో, చివరన లాంగ్ బెల్.

అందరూ కంఠతా చెప్పే ‘భారతదేశము నా మాతృభూమి’ ప్రతిజ్ఞ మన ప్రాంతం నుంచే దేశానికి వెళ్లిందని చాలామంది పూర్వ విద్యార్థులకు తెలియదు. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో దీన్ని తెలుగులో రాశారు. మరుసటి ఏడాది విశాఖపట్నంలోని ఒక బడిలో చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా పాఠశాలల్లోకి వచ్చింది. ఎన్నో ఏళ్లు పాఠ్యపుస్తకాల మొదటి పుటలో ప్రతిజ్ఞ ఉండేది, రాసినవారి పేరు ఉండేది కాదు.

ఏడాది పొడవునా వచ్చే సందర్భాల్లో పిల్లలకు బాగా గుర్తుండేవి మూడు. సెప్టెంబరు 5న స్వపరిపాలన దినం, ఆ రోజు చీరలు, పంచెలు కట్టుకుని పాఠాలు చెప్పే పదో తరగతివారే పంతుళ్లు. జోనల్ ఆటల పోటీలు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పక్క ఊరి బడితో పేచీ. ఇక పదో తరగతి వీడ్కోలు సభ, పరీక్షల ముందు రాత్రి స్టడీ అవర్లు.

మధ్యాహ్న భోజనం తర్వాతి కాలపు మార్పు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం మొదలై, కొన్నేళ్లకు హైస్కూలుకూ వచ్చింది. అంతకుముందు తరం జ్ఞాపకాలన్నీ సద్దిడబ్బాల చుట్టూ తిరుగుతాయి. డబ్బా లేనివారు ఆ గంటసేపు ఎక్కడ గడిపేవారో చెప్పినవారు తక్కువ, అడిగినవారు ఇంకా తక్కువ. జ్ఞాపకాలు సేకరించేటప్పుడు అడగండి.

ఉపాధ్యాయుల గురించి ఏమేమి రాయాలి?

పేర్ల జాబితా సరిపోదు. ఏ పోస్టులు ఎప్పుడు ఉండేవి, ఎప్పుడు పోయాయి అనేదే బడి కథ. స్కూల్ అసిస్టెంట్లు, సెకండరీ గ్రేడు ఉపాధ్యాయులు, తెలుగు, హిందీ పండితులు, వ్యాయామ ఉపాధ్యాయుడు ఇప్పటికీ ఉన్నారు. డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు మాస్టారు, కుట్టు టీచరు, సంగీతం టీచరు పదవీ విరమణ చేశాక చాలా బడుల్లో వారి స్థానంలో మరొకరు రాలేదు. నూలు వడికే రాట్నాలు, చెక్కపని బల్లలు మూలపడింది అప్పుడే. ‘010 పద్దు’ కింద ట్రెజరీ నుంచి జీతాలు వచ్చేదాకా స్థానిక సంస్థల ఉపాధ్యాయులకు ఒకటో తారీఖు అనేది నమ్మకం లేని తేదీ, ఈ విషయం విశ్రాంత ఉపాధ్యాయులు బాగా చెబుతారు.

హైస్కూలుకు తెలుగు భాషా చరిత్రలో చోటు ఉందా?

ఉంది, అదీ మొదటి వరుసలో. వ్యావహారిక భాషా వాదం ఏ పండిత సభలోనో పుట్టలేదు, బడి తనిఖీలో మొలకెత్తింది. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉత్తర కోస్తా బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్సు, పిల్లలు మాట్లాడే తెలుగుకూ వాచకంలోని తెలుగుకూ ఇంత దూరమెందుకని అడగడం, గిడుగు, గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను ముందుకు తీసుకుపోవడం తెలిసినవే. 1910లలో స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో వ్యావహారికాన్ని అనుమతించాలా వద్దా అన్నది మద్రాసు రాజధాని అంతా రగిలిన వివాదమైంది. గ్రాంథికవాదుల ఒత్తిడి నెగ్గింది. పాఠ్యపుస్తకాల భాష మారడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. మీ బడి ఆ కాలానిదైతే నాటి తెలుగు పండితుడు ఏ పక్షమో తెలుసుకునే ప్రయత్నం చేయండి, మంచి అధ్యాయం అవుతుంది.

బోధనా మాధ్యమం ఎప్పుడెప్పుడు మారింది?

మద్రాసు రాజధాని హైస్కూళ్లలో మొదట పై తరగతులు ఇంగ్లీషులో నడిచి, 1930ల చివరి నుంచి క్రమంగా తెలుగుకు మారాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2008–09లో సక్సెస్ పాఠశాలల పేరుతో ఆరో తరగతి నుంచి సమాంతరంగా ఆంగ్ల మాధ్యమ సెక్షన్లు తెరిచారు. తెలంగాణలో 2022–23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర వెలువడిన ఉత్తర్వులు కోర్టు వరకు వెళ్లాయి. భాషల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు త్రయం మాత్రం నిలకడగా ఉంది. మిగతావాటికి 35 మార్కులు కావాల్సి ఉండగా హిందీకి 20 చాలన్న ఉమ్మడి రాష్ట్రపు నియమం ఎందరిని గట్టెక్కించిందో లెక్క లేదు.

ఆడపిల్లలు, హాస్టలు పిల్లలు చరిత్రలో ఎందుకు కనిపించరు?

సంచికలు రాసేవారు ఎక్కువగా అగ్రవరుస బెంచీల మగవారు కావడం ఒక కారణం. రిజిస్టర్లలో వారు ఉన్నారు. తొలి దశాబ్దాల్లో తరగతికి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు, వారిలోనూ పై తరగతికి రాకముందే పెళ్లి కారణంగా బడి విడిచినవారు. ‘విడిచిన కారణం’ గడి ఈ సంగతి చెబుతుంది. తర్వాత కొన్ని ఊళ్లలో బాలికల ఉన్నత పాఠశాల విడిగా ఏర్పడింది. అప్పుడు పాత బడి రిజిస్టరులో బాలికల సంఖ్య ఒక్కసారిగా పడిపోవడం చూసి పొరబడకూడదు.

సాంఘిక సంక్షేమ, వెనుకబడిన తరగతుల వసతిగృహాల పిల్లలు లేకుంటే చాలా పట్టణాల హైస్కూళ్లు ఈపాటికి మూతపడేవి అనడంలో అతిశయోక్తి లేదు. దూర గ్రామాల దళిత, గిరిజన కుటుంబాల మొదటి తరం పదో తరగతి ఉత్తీర్ణులు ఆ హాస్టలు గదుల నుంచే వచ్చారు. వార్డెన్ల దగ్గర ఉండే హాజరు పట్టీలు కూడా చరిత్రకు ఆధారాలే.

విద్యార్థుల సంఖ్య ఎందుకు తగ్గింది? తర్వాత ఏం జరిగింది?

కారణాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. చుట్టూ గ్రామాల్లో కొత్త హైస్కూళ్లు వచ్చాయి, ప్రతిభ ఉన్నవారిని గురుకులాలు తీసుకున్నాయి (నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం 1971లో మొదలైంది), స్తోమత ఉన్నవారు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి బస్సెక్కారు, కుటుంబాలు చిన్నవయ్యాయి. దీనికి ఉపాధ్యాయుల అలసత్వమే కారణమనడం తేలిక, న్యాయం కాదు.

భవనాల పరంగా ఇటీవల పెద్ద మార్పులే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు–నేడు, తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించిన మన ఊరు–మన బడి కింద మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు, మరమ్మతులు చేపట్టారు. ఈ పనుల్లో పాత పెంకుటిళ్ల గదులను కూల్చేముందు వాటి ఫొటోలు, కొలతలు, ఫలకాల మీది రాత తీసి ఉంచుకోవాల్సింది. చాలాచోట్ల ఆ పని జరగలేదు. మీ ఊళ్లో ఇంకా ఒక పాత గది నిలిచి ఉంటే ఈ వారమే వెళ్లండి.

2020, 2021 పదో తరగతి జట్లను జాబితాలో ఎలా చూపాలి?

కరోనా కారణంగా ఆ రెండు సంవత్సరాలు రెండు రాష్ట్రాల్లోనూ పబ్లిక్ పరీక్షలు రద్దయ్యాయి, విద్యార్థులందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. ఉత్తీర్ణతా శాతం గడిలో నూరు అని వేసి ఊరుకోకుండా ఈ కారణం కూడా రాయాలి.

నా పాత టీసీ, స్టడీ సర్టిఫికెట్ కావాలి. బడిలో ఇస్తారా?

ప్రవేశ సంఖ్య గానీ, చదివిన సంవత్సరం గానీ చెప్పి ప్రధానోపాధ్యాయునికి దరఖాస్తు ఇస్తే రిజిస్టరు చూసి ఇస్తారు. 1974, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ స్థానికత నిర్ణయానికి బడిలో చదివిన సంవత్సరాలే ఆధారం కావడంతో స్టడీ సర్టిఫికెట్ల కోసం వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. పదో తరగతి మార్కుల జాబితా పోతే నకలు బడి ఇవ్వదు, ప్రధానోపాధ్యాయుని ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు చేయాలి. పుట్టిన తేదీ మార్పు కోసం మాత్రం పాత రిజిస్టరు చుట్టూ తిరగడం వృథా ప్రయాస, పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్నదే నిలుస్తుంది.

రిజిస్టర్లలో దొరికినదంతా అచ్చు వేయవచ్చా?

వద్దు. కులం, మార్కులు, పుట్టుమచ్చలు, బడి విడిచిన కారణం: ఇవి వ్యక్తుల సొంత విషయాలు, బతికి ఉన్నవారివైతే మరీను. మొత్తాలుగా, దశాబ్దాలవారీగా చెబితే చరిత్రకు కావాల్సింది అంతా వస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. పేర్లు వేయాలనుకున్న జట్టు ఫొటోలకు, జ్ఞాపకాలకు ముందుగా అనుమతి తీసుకోండి. రిజిస్టరును బడి దాటించి ఇంటికి తీసుకుపోవద్దు. ప్రధానోపాధ్యాయుని సమక్షంలోనే పుటలను ఫొటో తీసి, ఆ బొమ్మల ఒక ప్రతిని బడికే ఇవ్వండి. పని పూర్తయ్యాక రిజిస్టరును ఎక్కడ తీశారో అక్కడే పెట్టండి, ఎందుకంటే టీసీ కోసం మరుసటి రోజు ఎవరో ఒకరు వస్తారు.